వరదకు చోటు, విషానికి అడ్డు
(నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మారకంగా సంగారెడ్డిలో చేసిన ఉపన్యాస పాఠం)

వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి. ముందు వరస కుర్చీలు అధికారుల కోసమని ఖాళీగా ఉంచారట. వాళ్లు వచ్చినప్పుడు లేద్దురుగానీ.

ఈ రోజు మనం తలుచుకుంటున్న మనిషి 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ప్రభుత్వ ఉపకార వేతనం మీద ఇంగ్లండ్ వెళ్లి, కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, తిరిగొచ్చి ప్రజాపనుల శాఖలో చేరారు. 1918లో చీఫ్ ఇంజనీరయ్యారు. హిమాయత్‌సాగర్, పాలేరు, వైరా, అన్నిటికీ మించి మన మంజీర మీద నిజాంసాగర్ ఆయన హయాంలో లేచినవే. 1949 డిసెంబరులో కన్నుమూశారు. తెలంగాణ వచ్చాక ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండలు వేయడం బాగానే ఉంది. అయితే ఒక ఇంజనీరుకు అసలైన గౌరవం ఆయన కట్టినదాన్ని తీసుకుని, అది ఎందుకు నిలిచింది, ఎక్కడ దెబ్బతింది అని లెక్క చూడటంలో ఉందని నా నమ్మకం. ఆ లెక్కతోనే మొదలుపెడతాను.

1. ఆనకట్ట వెనక ఏం జరిగింది

నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టిన రోజున అందులో 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేవి. 1970లు వచ్చేసరికి అది 12 టీఎంసీల లోపుకు దిగిపోయింది. మిగతాదంతా పూడిక. ఆ తర్వాత నీటిమట్టాన్ని పెంచి సుమారు 17.8 టీఎంసీలకు తెచ్చుకున్నాం. కట్టిన రాయిలో లోపం లేదు, సున్నంలో లోపం లేదు, గేట్లలో లోపం లేదు. నలభై ఏళ్లలో సగానికి పైగా జలాశయాన్ని మింగింది పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. లాతూరు, బీదరు మీదుగా మన జిల్లాలోకి వచ్చి, సింగూరు, కల్బగూర్, నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దారి పొడుగునా నల్లరేగడి నేలలు. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, తొలకరి జోరుగా పడితే పైపొర మట్టి అంతా నీళ్లతో కలిసి నడిచే నేలలివి. ఆ మట్టిని పొలంలో ఆపగలిగిన పనే నీటినీ నిదానింపజేస్తుంది. ఆ పని జరగనప్పుడు కింద ఎంత గొప్ప ఇంజనీరు ఎంత గొప్ప కట్ట కట్టినా, వరదకని వదిలిన చోటు మట్టికి పోతుంది.

ఇదే నా ఉపన్యాసానికి మూలం. వరదను తగ్గించే పని నదిలో మొదలు కాదు. చేలో, ఒర్రెలో, కుంటలో, చెరువు శిఖంలో మొదలవుతుంది. ఈ మాట ప్రపంచంలో ఇప్పుడు చాలాచోట్ల వినిపిస్తోంది. ఇంగ్లండులో వందల ఏళ్ల కిందట అంతరించిన బీవర్ అనే జంతువును డెవాన్‌లోని ఆటర్ నదికి మళ్లీ రానిచ్చారు. అది చిన్న చిన్న కొమ్మలతో వాగులకు అడ్డుకట్టలు వేస్తుంది, నీళ్లు నిదానిస్తాయి, కప్పలు, చేపలు, పక్షులు వెనక్కి వస్తాయి. మనకు ఆ జంతువు లేదు. కత్వలు కట్టిన తాతలున్నారు. కానీ పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం పారిశ్రామికవాడలు ఉన్న జిల్లాలో ఈ మాటను ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తే సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే మిగతా సమయం వాడుకుంటాను.

2. చెరువులు కాపాడతాయి, తెగితే ముంచుతాయి

ముందు ఒక తీపి అపోహ వదిలించుకుందాం. పాతకాలపు గొలుసుకట్టు చెరువులుంటే వరదే రాదని ఈ మధ్య సభల్లో గట్టిగా చెబుతున్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఆ పరీవాహకంలో దాదాపు చదరపు మైలుకో చెరువు ఉండేది. ఆ వానకు వాటిలో రెండువందలకు పైగా తెగాయి. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడింది, అది మరో దాని మీద పడింది. విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించి 1909లో నివేదిక ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాని ఫలితమే. 2020 అక్టోబరులో, మన కళ్లముందే, బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్టకు గండి పడి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి.

కాబట్టి గొలుసుకట్టు ఉండటం ఒక్కటే సరిపోదు. మత్తడి సరిగా దూకాలి, తూము తెరవడానికి ఒక మనిషి ఉండాలి, రెండు చెరువుల నడుమ కాల్వ కాల్వగానే ఉండాలి. ఆ మనిషిని మన ఊళ్లలో నీరటి అనేవారు. ఆయనకు పంటలో వాటా ఉండేది. ఇప్పుడు ఆ వాటా లేదు, మనిషీ లేడు. చాలాచోట్ల కాల్వ మీద ప్లాట్లున్నాయి.

3. పటాన్‌చెరులోనే ఉన్న రుజువు

పొలంలో నీటిని నిదానింపజేస్తే ఎంత తేడా వస్తుందో చూడటానికి విదేశాలకు వెళ్లనక్కర్లేదు. ఇక్కడికి గంట దూరంలో ఇక్రిశాట్ ఉంది. 1972లో మొదలైన ఈ సంస్థకు పటాన్‌చెరు స్థలాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం, ఒకే ఆవరణలో నల్లరేగడి, ఎర్ర చెల్క రెండూ దొరకడం. అక్కడి నల్లరేగడిలో 1976 నుంచి పక్కపక్కనే రెండు చిన్న పరీవాహకాలను పోల్చి చూస్తూ వచ్చారు. ఒకదాంట్లో పాత పద్ధతి. వానాకాలమంతా భూమిని పడావుగా వదిలి, వానలు వెనకపట్టాక విత్తడం. రెండోదాంట్లో వాలుకు అనుగుణంగా వెడల్పు మడులు, మడికీ మడికీ నడుమ చిన్న కాల్వ, అవన్నీ వచ్చి కలిసే గడ్డి కాల్వ, చివర ఒక కుంట. వానాకాలంలోనే పంట వేసి నేలను కప్పి ఉంచడం.

ఫలితం వినండి. పాత పద్ధతిలో పడ్డ వానలో దాదాపు నాలుగో వంతు పొలం దాటి వెళ్లిపోయింది. కొత్త పద్ధతిలో అది దాదాపు సగానికి తగ్గింది. పాత పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి ఆరు టన్నులకు పైగా మట్టి పోతే, కొత్తదాంట్లో టన్నున్నర. దిగుబడి నాలుగింతలు దాటింది. నిజాంసాగర్‌లో చేరిన పూడికను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ రెండు విషయాలను రెండు వేరు వేరు శాఖల్లో చదువుకుంటున్నారు, అదే మన దురదృష్టం.

మరి ఇంత మంచి పద్ధతిని రైతులు ఎందుకు ఎగబడి అందుకోలేదు? ఈ ప్రశ్న ఎప్పుడైనా ఒక రైతే అడుగుతాడు. ఆ మడులు చేసే పనిముట్టు ఖరీదు ఎక్కువ. గడ్డి కాల్వకు స్థలం వదలాలి, ఆ స్థలం ఎవరి పట్టాలో నుంచి పోవాలన్న తగాదా వస్తుంది. లాభం కింది ఊరికి కూడా వెళ్తుంది, ఖర్చు మాత్రం పై రైతుది. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి ఊరంతా కలిసి చేసినప్పుడు భూగర్భజలం పెరిగింది, పంటలు మారాయి. అంటే సాంకేతికం పనిచేస్తుంది. ఊరు కలిసి రాకపోతే ఆగిపోతుంది. కింది ఊరికి, కింది పట్టణానికి వరద తగ్గుతున్నప్పుడు పై రైతుకు దానికి డబ్బు ఎందుకు ఇవ్వకూడదు? వరద వచ్చాక నష్టపరిహారం పంచడానికి ఖజానాలో ఎప్పుడూ డబ్బు దొరుకుతుంది కదా.

4. నిండు చెరువు మీద మోజు

ఇప్పుడు పట్టణం వైపు వద్దాం. ఒక చిన్న లెక్క. ఒక చదరపు కిలోమీటరు మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది పది కోట్ల లీటర్లు. ఆ కిలోమీటరు చెల్క భూమి అయితే కొంత ఇంకుతుంది. రేకుల షెడ్లు, సిమెంటు ఆవరణలు, తారు రోడ్లు అయితే దాదాపు అంతా గంటల్లో కిందికి దిగుతుంది. పటాన్‌చెరు, అమీన్‌పూర్, బొల్లారం చుట్టూ గత నలభై ఏళ్లలో మనం నేలకు చేసింది ఈ రెండో పనే.

అమీన్‌పూర్ పెద్ద చెరువు సంగతి మీకు తెలుసు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పట్టణ ప్రాంతంలోని ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. దాని విస్తీర్ణం సుమారు 93 ఎకరాలు. వానాకాలానికి ముందు దాని మట్టం ఒక మీటరు తగ్గించి ఉంచగలిగితే, ఒడ్డులు ఏటవాలుగా ఉంటాయని కొంత తీసేసినా, ముప్పై కోట్ల లీటర్ల దాకా చోటు దొరుకుతుంది. మూడు చదరపు కిలోమీటర్ల సిమెంటు మీద పడ్డ పది సెంటీమీటర్ల వానకు సమానం. ఆ చెరువే అంచుదాకా నిండి ఉంటే అది వరదకు చేసే సాయం చాలా స్వల్పం. వచ్చిన నీళ్లు వచ్చినట్టే మత్తడి దూకుతాయి.

కానీ మన కాలనీలకు నిండు చెరువే కావాలి. ఉదయం నడకకు వెళ్తే అద్దంలా నీళ్లు కనిపించాలి. బురద కనిపిస్తే ఫోన్లు మొదలవుతాయి, చెరువు ఎండిపోతోందని పత్రికలో ఫొటో వస్తుంది. సుందరీకరణ పేరుతో చుట్టూ నిట్టనిలువు రాతి గోడ, దానిపైన నడకదారి, దానిపైన దీపాలు. పక్షుల మాట అడగండి. అమీన్‌పూర్‌కు రాజహంసలు, కొంగలు, తెడ్డుమూతి కొంగలు లోతు నీళ్ల కోసం రావు. అవి తినేది జానెడు నీళ్లలో, బురద అంచుల్లో, నీళ్లు మెల్లగా వెనక్కి తగ్గుతూ కొత్త నేలను వదిలేచోట. రాతి గోడ కట్టిన చెరువుకు ఆ అంచే ఉండదు. అక్కడ మిగిలేది నీటికాకులు, బాతులు, పడవ షికారు.

అంటే ఈ ఒక్క విషయంలో పక్షి అవసరం, వరద అవసరం ఒకటే. ఎండాకాలంలో చెరువు తగ్గాలి, వానకు చోటు ఉండాలి, ఒడ్డు ఏటవాలుగా ఉండాలి, అక్కడ తుంగ, జమ్ము, నీట మునిగినా బతికే నల్లతుమ్మ పెరగాలి. మన పాత చెరువుల్లో ఇది ఎవరూ ప్రత్యేకంగా చేయలేదు. యాసంగికి తూము తెరిచేవారు, చెరువు దానంతట అదే తగ్గేది, శిఖంలో దోసకాయలు వేసుకునేవారు. ఆయకట్టు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక తూము తెరిచే కారణం పోయింది. ఇప్పుడు ఆ కారణాన్ని మనమే కాగితం మీద రాసుకోవాలి. ఏ చెరువును ఏ నెలలో ఎంత మట్టానికి తేవాలి, దానికి ఎవరు జవాబుదారీ అని.

చట్టం లేదని అనకండి. 2012 నాటి జీవో 168 ప్రకారం హెచ్‌ఎండీఏ పరిధిలో పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చింది, కూల్చివేతలు జరిగాయి, టీవీలో అందరం చూశాం. ఇల్లు కూలినప్పుడు కెమెరాలు వస్తాయి. లేఅవుటుకు అనుమతి ఇచ్చిన రోజున ఏ కెమెరా రాదు. ఈ మాట ఇక్కడితో వదిలేస్తాను, లేకపోతే రాత్రి దాకా ఇదే మాట్లాడతాను.

5. అసలు ముడి

ఇప్పటిదాకా నేను చెప్పినది వరంగల్‌లోనైనా చెప్పొచ్చు, అనంతపురంలోనైనా చెప్పొచ్చు. ఇక మన సంగతి.

నీటిని నిదానింపజేయండి, ఇంకనివ్వండి, తడి నేలల్లో నిలవనివ్వండి అంటున్నాను. ఏ నీటిని? పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది. తర్వాత బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం. మందుల ముడిసరుకు తయారీలో దేశానికే పెద్ద కేంద్రమైంది, వేల కుటుంబాలు బతికాయి, ఆ మాట కాదనను. దాని వ్యర్థజలం ఇసుకవాగు, పాములవాగు, నక్కవాగుల్లోకి వెళ్లింది. ఆ వాగులు మామూలుగా అయితే దీపావళి తర్వాత సన్నబడి, ఎండాకాలానికి చెలిమలు మాత్రమే మిగలాలి. వాన చుక్క లేని రోజుల్లో కూడా రంగు నీళ్లతో పారడం మొదలుపెట్టాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు, ఊళ్ల రైతులు గొంతెత్తారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని, రైతులకు పరిహారం ఇవ్వాలని ఆదేశాలొచ్చాయి. కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు మారింది. 2017లో తీర్పు వచ్చేనాటికి, కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి.

ఈ నడుమ నేలలో ఏం చేరిందో చూడండి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలు ఎక్కువగా ఉన్నాయని రాశారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాతి నీటి మాట ఇది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్యం. మనకు 70.07 వచ్చాయి. పరీక్షలో ఇలా అంచు మీద పాసయితే పిల్లవాడు సంతోషిస్తాడు. మన విషయంలో అదొక చిన్న వార్తగా ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని నగరపు మురుగు కాల్వ ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. పటాన్‌చెరు నీళ్లు గోదావరివి. మూసీ కృష్ణది. ఒక నది పరీవాహకంలోని కష్టాన్ని గొట్టంలో పెట్టి ఇంకో నది పరీవాహకానికి పంపాం. నక్కవాగుకు కొంత ఊరట దొరికింది, అది నిజం. మూసీ దిగువన ఉన్న నల్లగొండ రైతుల్ని ఎవరూ అడగలేదు, అదీ నిజమే.

ఇంజనీరు మిత్రులారా, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. తడి నేల నీటిని శుద్ధి చేస్తుందంటాం. ఏ మలినాన్ని? ఇళ్ల మురుగులో ఉండేది ఎక్కువగా సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం. వాటిని జమ్ము, తుంగ, మెట్టతామర వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు తినేస్తాయి. కలకత్తా తూర్పు వైపు తడి నేలల్లో నగరపు మురుగుతో తరతరాలుగా చేపలు పెంచుతున్నారు. 2002లో దాన్ని రామ్‌సర్ స్థలంగా గుర్తించారు. అది నిలవడానికి మూల కారణం అక్కడికి వచ్చేది ప్రధానంగా ఇళ్ల మురుగు కావడం. తోళ్ల శుద్ధి రసాయనాలు కలిసినచోట అక్కడా ఇబ్బందులే. లోహాలను ఏ మొక్కా తిని మాయం చేయదు. వేళ్లలో, బురదలో దాచుకుంటుంది. యాంటీబయాటిక్ ఎక్కువైతే శుద్ధి చేయాల్సిన సూక్ష్మజీవులే చస్తాయి, లేదా మందుకు లొంగని రకాలుగా మారతాయి. పెద్ద వరద రాగానే ఆ బురద లేచి కింది పొలాల మీద పరుచుకుంటుంది. వరదను ఆపడానికి పెట్టుకున్న తడి నేలే వరద రోజున విషాన్ని పంచే చోటవుతుంది.

ఇంకో సంగతి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడిక తీసి పొలాల్లో వేసుకోమన్నాం. రాష్ట్రంలో చాలా ఊళ్లలో అది మంచి పని. నేల బలపడింది, ఎరువు ఖర్చు తగ్గింది. అదే పనిని ఖాజీపల్లి వైపు చెరువుల్లో, మట్టి పరీక్ష లేకుండా చేస్తే ఏమవుతుంది? చెరువులో దాగి ఉన్న లోహాన్ని ట్రాక్టర్ పెట్టి చేలో పోసినట్టే. ఒకే పథకం ఒక మండలంలో ఔషధం, పక్క మండలంలో విషం. అందుకే రాష్ట్రానికంతటికీ ఒకే మార్గదర్శకం అంటే నాకు భయం.

వాన పడ్డ రాత్రి సంగతి ఇక్కడి ఊళ్లవాళ్లకు నేను చెప్పాలా? జోరు వానలో వాగు ఉరుకుతుంటే, ఫ్యాక్టరీ ఆవరణల్లో నిలవ ఉంచిన వ్యర్థాన్ని వదిలేస్తారని, తెల్లారేసరికి రంగు, వాసన మారిపోతాయని ఏళ్లుగా ఊళ్లు మొరపెట్టుకుంటున్నాయి. గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలిన ఫొటోలు పత్రికల్లో చూశాం. వరద ఎక్కువైనప్పుడు విషం పలచబడుతుందని కొందరు సర్దిచెబుతారు. వాగు పొంగి పొలంలోకి వచ్చినప్పుడు పలచబడిన విషమే ఎక్కువ ఎకరాలకు అందుతుంది.

కాబట్టి ఈ జిల్లాలో వరుస ముఖ్యం. రసాయన వ్యర్థాన్ని ఇళ్ల మురుగు నుంచి, ఈ రెంటినీ వాన నీటి నుంచి వేరు చేయకుండా తడి నేలల పని మొదలుపెట్టకూడదు. ఫ్యాక్టరీ కప్పు మీద పడ్డ నీరు దాదాపు శుభ్రం. దాన్ని ఇంకనివ్వొచ్చు. ఆవరణలో, సామాన్లు దింపేచోట, డ్రమ్ములు పెట్టేచోట పడ్డ మొదటి వాన నీరు శుభ్రం కాదు. దాన్ని ఇంకుడు గుంతలోకి వదలడం భూగర్భజలానికి నేరుగా విషం ఎక్కించడమే. అది ఫ్యాక్టరీ శుద్ధి యూనిట్‌కే వెళ్లాలి. ఇంకుడు గుంత తవ్వితే పుణ్యమే అనుకుంటున్న మనకు ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు.

పర్యావరణ అనుమతి షరతుల్లో సాధారణంగా మూడో వంతు స్థలం పచ్చగా ఉంచాలని ఉంటుంది. చాలా ఫ్యాక్టరీల్లో ఆ పచ్చదనం గేటు దగ్గర ఎత్తుగా కట్టిన తొట్లలో, గడ్డి దిమ్మెల మీద ఉంటుంది. దాన్ని రోడ్డు మట్టం కంటే జానెడు పల్లంగా చేయండి, కప్పు నీరు దానిలోకి తిప్పండి. ఖర్చు మట్టి పనికే. చట్టంలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

6. నది దగ్గరికి

ఇంత చెప్పాక మంజీర దగ్గరికి వెళ్దాం. సింగూరు ఆనకట్టకూ కల్బగూర్ దగ్గరి మంజీర బరాజ్‌కూ నడుమ 1978లో ప్రకటించిన అభయారణ్యం ఉంది. ఇరవై చదరపు కిలోమీటర్లు. నీళ్ల నడుమ గడ్డలు, వాటి మీద చెట్లు, చెట్ల మీద కొంగల గూళ్లు, ఒడ్డున మొసళ్లు. మొసలి ఎండాకాలంలో ఒడ్డు ఇసుకలో గుంత తీసి గుడ్లు పెడుతుంది, తొలకరికి ముందు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక తవ్వి ఒడ్డును నిలువుగా కోసేస్తే మొసలికి గూడు ఉండదు. ఆ ఇసుకే నదికి నీరు దాచుకునే సంచి. వరద తర్వాత నెలల తరబడి నీళ్లు వదిలేది అదే.

ఈ అభయారణ్యం బతికి ఉండటానికి ఒక కారణం హైదరాబాద్ ఈ నీళ్లు తాగడం. 1960ల నుంచి నగరానికి మంజీర నీరు వెళ్తోంది. నక్కవాగు బరాజ్‌కు దిగువన మంజీరలో కలుస్తుంది. అది ఎగువన కలిసి ఉంటే పటాన్‌చెరు కాలుష్యం ముప్పై ఏళ్ల కేసు అయ్యేదా, మూడు నెలల్లో తేలిపోయేదా? మీరే ఆలోచించండి. ఆ మొసళ్లకు నగర పంపుహౌసులే పెద్ద కాపలా. దిగువ ఊళ్లకు ఆ కాపలా లేదు.

నదికి చోటు ఇవ్వడం ఎలాగో చూపే నెదర్లాండ్స్ కథ క్లుప్తంగా చెప్పి ముగింపుకు వస్తాను. 1995లో అక్కడ నదులు పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ దేశం శతాబ్దాలుగా కట్టలు ఎత్తు పెంచుకుంటూ పోయింది. ఆ తర్వాత దారి మార్చి, ముప్పైకి పైగా చోట్ల నదికి పరుచుకునే చోటు వదిలారు, వాటిలో కొన్నిచోట్ల కట్టలను వెనక్కి జరిపారు. కొన్నిచోట్ల రైతుల ఇళ్లను ఎత్తైన దిబ్బల మీద మళ్లీ కట్టించారు. రైతులకు డబ్బు ఇచ్చారు, ముందుగా మాట్లాడారు. మనవాళ్లు అక్కడికి పర్యటనకు వెళ్లొస్తే కట్టల ఫొటోలు తెస్తారు, పరిహారం కాగితాలు తేరు.

ఇక్కడ నక్కవాగు ఒడ్డున ఎకరం ధర వింటే గుండె ఆగుతుంది. పట్టా భూమి కొని వాగుకు ఇవ్వడం అన్నిచోట్లా కుదరదు. కానీ శిఖం భూములున్నాయి, ప్రభుత్వ భూములున్నాయి, పారిశ్రామికవాడల్లో ఖాళీగా ఉన్న స్థలాలున్నాయి. వాగుకు ఆనుకుని ఏటా మునిగే పొలాలకు కొనుగోలు కాకుండా ఏటా కౌలులాంటి చెల్లింపు పెట్టొచ్చు. మునిగిన ఏడాది రైతుకు నష్టం ఉండదు, మునగని ఏడాది పంట అతనిదే.

ఎంత చేసినా ఒక హద్దుంది. అది దాచిపెట్టడం మోసం. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో ఒక్కచోట ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లు దాటిన వాన పడింది. అలాంటి వానలో రేగడి అయినా చెల్కయినా తడిసి ముద్దయ్యాక ఇంకదు, కుంటలన్నీ నిండిపోతాయి. గడ్డి కాల్వలు, మడులు, తడి నేలలు ఏటా వచ్చే వరదల్ని, పదేళ్లకోసారి వచ్చే వరదల్ని బాగా తగ్గిస్తాయి. మహా వరదను ఆపలేవు. దానికి అలీ నవాజ్ జంగ్ లాంటివాళ్లు కట్టిన గేట్లు కావాలి, ఆ గేట్ల వెనక పూడిక లేని చోటు కావాలి, వాగు దారిలో పడుకున్న మనిషి ఉండకూడదు.

ఈ హాల్లో ఉన్న శాఖ ఇంజనీర్లకు ఒక్క పని అప్పగిస్తాను. పాశమైలారం నుంచి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాకా నక్కవాగు, దాని ఉపవాగులు దాటే ప్రతి కల్వర్టు దగ్గర ఎంత వెడల్పు ఉందో, వరద రోజు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఒక రంగు గీత వేసి, ఆ పక్కనే నీటి నాణ్యత అంకెలు రాయించండి. రెండూ ఒకే బోర్డు మీద ఉండాలి. వచ్చే జూన్ లోపు. ఎంత ఎత్తుకు వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు, కొలత టేపు కంటే కచ్చితంగా చెబుతారు.

ఇక ప్రశ్నలు. ముందు రైతులు అడగండి. ఇంజనీర్లకు నేను తర్వాత టీ దగ్గర కూడా దొరుకుతాను.